చదివిన ఏడాది ఎక్కడికి పోతది? పదికీ డిగ్రీకీ నడుమ గీసిన గీత కథ

 

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. పదో తరగతి అయిపోయిన పిల్లలు, వాళ్ల అన్నలు అక్కలు ఓపికతో చివరిదాకా చదవాలని కోరుతున్నాం.

మన తండాల్లో, పెంటల్లో, గూడేల్లో పది పాసయిన పిల్లగాణ్ని "ఏం చేస్తున్నవ్?" అని అడిగితే "కాలేజీకి పోతున్న" అంటడు. నిజానికి ఆయన పోయేది ఇంటర్‌కు. పేరు చూస్తే జూనియర్ కాలేజీ. కానీ ఆ రెండేళ్లలో చదివింది ఒక్క అక్షరం కూడా డిగ్రీ లెక్కలోకి రాదు. డిగ్రీలో చేరిన రోజు మళ్లీ సున్నా నుంచి మొదలు. మరి దాన్ని కాలేజీ అని ఎందుకంటున్నం? ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆ రెండేళ్లు నిజంగనే కాలేజీ చదువు. తర్వాత ఒక గీత గీసి ఇవతల పెట్టిన్రు. ఆ గీత ఎన్నిసార్లు అటూ ఇటూ జరిగిందో, జరిగినప్పుడు మనం ఎక్కడ ఉన్నమో చెప్పుకోవడమే ఈ పోస్టు ఉద్దేశం.

అమెరికాలో హైస్కూల్ పిల్లలు బడిలో ఉంటూనే కాలేజీ సబ్జెక్టులు చదివి, ఆ క్రెడిట్లు దాచుకొని, తర్వాత డిగ్రీలో చూపించుకుంటారు. మన దగ్గర కొత్త విద్యా విధానం వచ్చినంక క్రెడిట్, క్రెడిట్ బ్యాంకు అనే మాటలు అందరి నోళ్లలో నలుగుతున్నయి. ఇది తెలివైన పిల్లలు తొందరగా డిగ్రీ కొట్టేసే సదుపాయం అని చాలామంది అనుకుంటారు. మాకు మాత్రం ఇది వేరేగా కనపడతది. మనోళ్లకు తొందర ముఖ్యం కాదు. మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా చదివింది మట్టిలో కలవకుండా ఉండడం ముఖ్యం. పాలమూరు వలస మనందరికీ తెలుసు. ఒక ఏడాది వానలు పడకపోతే తల్లిదండ్రులు పూణే, ముంబై పోతరు, ఇంట్లో పెద్ద పిల్ల చదువు ఆగుతది. అట్ల ఆగిన పిల్ల చేతిలో ఏం మిగిలింది అనేదే అసలు ప్రశ్న.

మొదట పాత కథ చూద్దాం.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు లెక్క సులువుగా ఉండేది. మెట్రిక్యులేషన్ పాసయితే బడి చదువు అయిపోయినట్టు. ఆ తర్వాత నాలుగేళ్లు కాలేజీ. అందులో మొదటి రెండేళ్లకు ఎఫ్.ఏ. అనే పరీక్ష ఉండేది. దానికే తర్వాత ఇంటర్మీడియట్ అని పేరు పెట్టిన్రు. ఇంకో రెండేళ్లు చదివితే బి.ఏ. అంటే ఇంటర్మీడియట్ అంటే సగం డిగ్రీ. 'నడిమిది' అనే అర్థం ఉన్న ఆ పేరు వచ్చింది కూడా అందుకే. పరీక్ష పెట్టేది యూనివర్సిటీ, సర్టిఫికెట్ ఇచ్చేది యూనివర్సిటీ.

హైదరాబాద్ రాజ్యంలో 1887లో మొదలైన నిజాం కాలేజీ ఆ మద్రాసు యూనివర్సిటీ కిందనే నడిచింది. 1918లో ఉస్మానియా వచ్చింది. 1919లో అక్కడ మొదలైన మొట్టమొదటి తరగతులు ఇంటర్మీడియట్ తరగతులే. ఇప్పుడు మన పిల్లలు "ఇంటర్ ఫస్టియర్" అంటున్నరే, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టుకే అదన్నమాట. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు అప్పుడు యూనివర్సిటీ విద్యార్థులు. చదివిన రెండేళ్లు బి.ఏ.కు నేరుగా లెక్క.

అయితే ఆ తలుపు ఎవరికి తెరిచి ఉండేది? ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఇప్పటి మన మూడు జిల్లాలు అప్పుడు గద్వాల, వనపర్తి, జటప్రోలు లాంటి సంస్థానాల కింద, మిగిలింది నిజాం పాలన కింద ఉండేది. సంస్థానాధీశులు కవులను, పండితులను పోషించిన్రని పుస్తకాల్లో గొప్పగా రాసుకున్నరు. ఆ పోషణ కోట గోడ దాటి తండా దాకా, నల్లమల పెంట దాకా రాలేదు. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు 1940లో అమ్రాబాద్ గుట్టల మీద చెంచు కుటుంబాల మధ్య ఉండి చూసి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేసిండు. ఆ పుస్తకంలో కనపడే బతుకు అడవి, గడ్డలు, తేనె, విల్లంబులు. బడి ఊసు చాలా దూరం.

అదే హైమెండార్ఫ్ నిజాం సర్కారుకు సలహాదారుగా ఉండి, 1943లో ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టించిండు. గోండీలో వాచకాలు తయారుచేసి, అక్షరం నేర్చిన గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, వాళ్లనే ఊళ్లల్లో పంతుళ్లను చేసిన్రు. మెట్రిక్ పాసయినవా, ఇంటర్ పాసయినవా అని చూడలేదు. ఏం తెలుసు, ఎంత నేర్పగలవు అని చూసిన్రు. మన ఆదివాసీ చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. సర్టిఫికెట్ కంటే నేర్చుకున్నదానికి విలువ కట్టడం అంటే ఇదే. ఇయ్యాల క్రెడిట్ పేరుతో చెప్తున్న సూత్రం కూడా దాదాపు ఇదే.

ఇక గీత జరిగిన కథకు వద్దాం. కలకత్తా యూనివర్సిటీ మీద వేసిన శాడ్లర్ కమిషన్ 1917 నుంచి 1919 దాకా పనిచేసి, ఇంటర్మీడియట్ బడి స్థాయి చదువే, దాన్ని యూనివర్సిటీ నుంచి విడదీయాలె అని చెప్పింది. ఉత్తరప్రదేశ్ వైపు 1921లోనే వేరే బోర్డు పెట్టుకున్నరు. మన వైపు వెంటనే ఏమీ మారలేదు. స్వాతంత్ర్యం వచ్చినంక 1952–53లో మొదలియార్ కమిషన్ ఇంకో దారి చెప్పింది. ఇంటర్మీడియట్ అనేదాన్నే తీసేయండి, అందులో ఒక ఏడాది బడికి కలపండి, ఇంకో ఏడాది డిగ్రీకి కలపండి, డిగ్రీ మూడేళ్లు చేయండి అన్నది. ఆ పద్ధతి నడిచిన రోజుల్లో వచ్చిందే పీయూసీ. మన తాతల కాలం చదువుకున్నోళ్లు "నేను పీయూసీ దాకా చదివిన" అంటరు చూడండి, అది ఇదే. పెరిగిన బడిలో, అంటే హయ్యర్ సెకండరీలో చదివినోళ్లు నేరుగా డిగ్రీకి పోవచ్చు. మామూలు హైస్కూల్లో చదివినోళ్లు ఒక ఏడాది పీయూసీ చదివి పోవాలె. ఆ పీయూసీ మళ్లీ యూనివర్సిటీ చేతిలోనే ఉండేది.

1964–66లో కొఠారి కమిషన్ కూర్చొని, చివరికి పది, రెండు, మూడు అనే లెక్క తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1969–70 నుంచి పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ పెట్టింది. 1971లో చట్టం చేసి ఇంటర్మీడియట్ బోర్డు పెట్టిన్రు. అప్పటి నుంచి ఆ రెండేళ్లు యూనివర్సిటీ చేతిలో లేవు. పేరు మాత్రం కాలేజీగనే మిగిలింది.

దీంట్ల అర్థం చేసుకోవాల్సింది ఒకటి ఉంది. బడి ఇక్కడ అయిపోతది, కాలేజీ ఇక్కడ మొదలైతది అనే గీత దేవుడు గీసింది కాదు. యాభై, అరవై ఏళ్లలో మూడుసార్లు జరిపిన్రు. జరిపినోళ్లంతా కమిటీలల్ల కూర్చున్న పెద్దమనుషులే. వాళ్ల ముందు ఉన్నది పట్నంల ఆగకుండా చదివే పిల్లగాడి లెక్క. మధ్యలో ఆగి, మళ్లీ వచ్చే పిల్ల లెక్క ఎవరూ వేయలేదు.

మన లంబాడీల సంగతి ఇంకో మెట్టు కింద. 1950లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎస్టీ జాబితా తీసినప్పుడు చెంచులు అందులో ఉన్నరు, లంబాడీలు లేరు. తెలంగాణ లంబాడీలను జాబితాలో చేర్చింది 1976 సవరణ చట్టం. అంటే పీయూసీ వచ్చింది, పోయింది, ఇంటర్ బోర్డు వచ్చింది, ఇదంతా జరిగినప్పుడు మన తండాల పిల్లలకు ఎస్టీ సీటు అనేదే లేదు. చెంచులకు జాబితాలో పేరు ఉన్నా, సీటు దాకా పోయే దారిలో బడే లేదు. ఒకరికి కాగితం లేదు, ఇంకొకరికి బడి లేదు. ఇద్దరం ఒకే చోట ఆగినం.

ఇప్పుడు మన సొంత గడ్డ మీద ఉన్న ఒక మంచి ఉదాహరణ. వనపర్తి పాలిటెక్నిక్.

వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959లో ప్రభుత్వ పాలిటెక్నిక్ మొదలైంది. కె.డి.ఆర్. పాలిటెక్నిక్ అని మనందరికీ తెలుసు. రాజుల దర్బారు నడిచిన కట్టడంలో పది పాసయిన పిల్లలు కొలతలు, డ్రాయింగు, మిషన్లు నేర్చుకున్నరు. అమెరికా వాళ్లు బడి వయసులోనే కాలేజీ చదువు అని ఇయ్యాల చెప్తున్నదానికి మన వైపు దగ్గరి బంధువు ఈ పాలిటెక్నికే. ఎట్లనో లెక్క చూడండి.

పది తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. మొత్తం ఆరు. పది తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోనే సీటు. అంటే ఇంకో మూడేళ్లు. మొత్తం ఆరే. ఏడాదులు సమానమే. కానీ డిప్లొమా పిల్లగాడు బీటెక్ ఫస్టియర్‌ల కూర్చోడు. పదిహేను, పద్దెనిమిదేళ్ల నడుమ వాడు చదివినదానిలోనే బీటెక్ మొదటి ఏడాది లెక్క తీరిపోయింది. బడి వయసులో చదివింది డిగ్రీలో లెక్కకు రావడం అంటే అచ్చం ఇదే.

ఇంకో తేడా కూడా ఉంది, మనకు అదే ముఖ్యం. మూడేళ్ల దగ్గర ఇంట్లో కష్టం వచ్చి ఆగిపోయినాడు అనుకోండి. ఇంటర్ దారిలో పోయినోడి చేతిలో ఇంటర్ మెమో ఒకటి, సగంలో ఆగిన బీటెక్ ఒకటి. పాలిటెక్నిక్ దారిలో పోయినోడి చేతిలో డిప్లొమా ఉంటది. దానితో అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టుకు అప్లై చేయొచ్చు. నాలుగేళ్లు పనిచేసి వచ్చి కూడా ఈసెట్ రాయొచ్చు. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలె. డిప్లొమా రెండో ఏడాదిలో ఆగితే చేతిలో ఏమీ ఉండదు, అదే ఇంటర్ అయితే పాసయిన కాగితం వస్తది. ఇంట్లో రెండేళ్లు మాత్రమే గట్టిగా నిలబడగలం అనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలె.

దీని కింద ఇంకో మెట్టు ఉంది, అది మనోళ్లకు చాలామందికి తెలియదు. పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినోళ్లు ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరం. అంటే ఫిట్టరో, ఎలక్ట్రీషియనో నేర్చిన తమ్ముడు మెట్టు మెట్టుకు ఆగుతూ, సంపాదించుకుంటూ ఇంజనీరు కావొచ్చు. ప్రతి మెట్టు మీద చేతిలో ఒక కాగితం. ఇప్పుడు వనపర్తిలోనే జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. ఒకే ఊర్ల డిప్లొమా, బీటెక్ రెండూ. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు భయపెట్టే ఇండ్లకు ఇది చిన్న మాట కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది. అక్కడ రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్ సీటుకు పోటీ పడొచ్చు. ఆ డిగ్రీ కాలేజీ కూడా పాలెంలోనే ఉంది. ఎవుసం తెలిసిన ఇంట్ల పుట్టిన పిల్లలకు ఆ చదువు పరాయిది కాదు.

రెండో పెద్ద ప్రయత్నం 2008లో జరిగింది. కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి గారి ఆలోచనతో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ అని మూడు ప్రాంగణాలు. మన నోట్లో ట్రిపుల్ ఐటీ. పది పాసయిన ఊరి పిల్లల్ని ఎంట్రెన్సు లేకుండా, పది మార్కుల మీదనే తీసుకొని, ఆరేళ్లు అక్కడే ఉంచి బీటెక్ చేసి పంపాలె. మొదటి రెండేళ్లకు వాళ్లు పెట్టిన పేరు పీయూసీ. చూసిన్రా, 1969లో పోయిన పీయూసీ నలభై ఏళ్లకు మళ్లీ యూనివర్సిటీ గేటు లోపలికి తిరిగొచ్చింది. పదిహేనేళ్ల పిల్ల మళ్లీ యూనివర్సిటీ విద్యార్థి అయింది.

అందులో ఇంకో మంచి సంగతి ఉంది. సర్కారు బడిలో చదివిన పిల్లలకు వెనుకబాటు లెక్క కింద గ్రేడుకు 0.4 కలిపే పద్ధతి పెట్టిన్రు. పట్నం కాన్వెంటులో పది పాయింట్లు తెచ్చుకున్న పిల్లకు, సర్కారు బడిలో కరెంటు లేని గదిలో చదివి 9.7 తెచ్చుకున్న పిల్లకు నడుమ ఉన్న దూరాన్ని ఒక అంకెలో ఒప్పుకోవడం అది. మన గురుకులాల పిల్లలు, జిల్లా పరిషత్ బడుల పిల్లలు చాలామంది బాసర గేటు దాటిన్రంటే ఆ దశాంశానికి కూడా దాంట్ల పాత్ర ఉంది. 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. అంటే ఇప్పుడు ఆ గేటు మనకు ఇంకొంచెం వెడల్పు. 2025లో పాలమూరు పట్నంలో కూడా ట్రిపుల్ ఐటీ ప్రాంగణం మొదలైంది. గద్వాల నుంచి బాసర అంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు. మహబూబ్‌నగర్ అంటే పొద్దున పోయి పొద్దూకంగ రావొచ్చు.

అయితే బాసర దారికి కూడా ఒక గుణం ఉంది. అది పొడవాటి రైలు. ఎక్కినంక ఆరేళ్లకు దిగాలె. రెండేళ్ల దగ్గర ఒక స్టేషన్ ఉంది, పీయూసీ సర్టిఫికెట్ ఇంటర్‌తో సమానం. దాని తర్వాత నాలుగేళ్లు నడుమ దిగితే చేతికి వచ్చేది తక్కువ. పాలిటెక్నిక్ దారి పల్లె బస్సు లాంటిది. ఆగుతది, ఎక్కుతది, నిదానంగా పోతది. ఏది మంచిది అని కాదు. ఎవరి ఇంటి పరిస్థితికి ఏది సరిపోతదో చూసుకోవాలె.

మూడో ప్రయత్నం గురించి మన గ్రూపులో ఎక్కువ మాట్లాడుకోలేదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉంది. అది తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, ఇంటర్ పాస్ కానోళ్లు కూడా 18 ఏళ్లు నిండితే ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరవడం. ఏం చదివినవ్ అని కాదు, ఇప్పుడు ఏం తెలుసు అని అడిగింది. మన తండాల్లో అంగన్‌వాడీ టీచర్లు, కానిస్టేబుళ్లు, కండక్టర్లు ఆ దారిలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న కథలు వింటనే ఉంటం.

ఓపెన్ స్కూల్లో కూడా ఒక నియమం ఉంది. రెగ్యులర్‌గా పది గానీ ఇంటర్ గానీ రాసి ఫెయిలయినోళ్లు ఓపెన్‌లో చేరితే, పాసయిన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు అట్లనే తెచ్చుకోవచ్చు. వాటిని మళ్లీ రాయనక్కరలేదు. దీన్నే క్రెడిట్ బదిలీ అంటరు. పది ఫెయిలయిందని పెండ్లి చేసేద్దామని చూస్తున్న ఇంట్లో, "రెండు సబ్జెక్టులు పాసయినయి, అవి ఉంటయి, మిగిలినవి రాస్తే చాలు" అని చెప్పగలిగితే ఆ మాటకు ఎంత బలమో ఆలోచించండి. క్రెడిట్ అనే పెద్ద మాటకు మన ఇండ్లల్లో అర్థం అదే. చదివింది పోలేదు, ఉంది.

ఇప్పుడు బయటి ప్రపంచం వైపు ఒకసారి. అమెరికాలో ఈ పద్ధతి 1950ల్లో మొదలైంది. 1955లో కనెటికట్ యూనివర్సిటీ హైస్కూల్ పిల్లలకు వాళ్ల బడిలోనే తన సబ్జెక్టులు చెప్పించి క్రెడిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే రోజుల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పరీక్షలు కూడా వచ్చినయి. మొదట ఇదంతా బాగా చదివే పిల్లల కోసం. 1985లో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసి, హైస్కూల్ చివరి రెండేళ్ల పిల్లలు కాలేజీకి పోయి చదివితే ఆ ఖర్చు సర్కారే భరించేటట్టు చేసింది. అక్కడి నుంచి పేద పిల్లలకు కూడా దారి తెరుచుకుంది. ఫీజు ఇంటి మీద పడితే ఆ పద్ధతి ఉన్నోళ్ల సొత్తే అయితది, సర్కారు భరిస్తేనే లేనోళ్ల దాకా వస్తది. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలె.

మనం ఇంకా దగ్గరగా చూడాల్సింది అక్కడి ఆదివాసీల కథ. నవాహో జాతి 1968లో తమ నేల మీద, తమ పాలనలో సొంత కాలేజీ పెట్టుకుంది. దేశంలో ఆదివాసీలు తామే నడుపుకున్న మొదటి కాలేజీ అది. 1978లో అట్లాంటి కాలేజీలకు ప్రభుత్వ సాయం ఇచ్చే చట్టం వచ్చింది. ఇయ్యాల అమెరికాలో అట్లాంటివి దాదాపు 35 ఉన్నయి. వాటిలో చాలా కాలేజీలు పక్క హైస్కూళ్లలోని తమ పిల్లలకు కాలేజీ సబ్జెక్టులు చెప్పి క్రెడిట్ ఇస్తున్నయి. తమ భాష, తమ చరిత్ర కూడా అందులో సబ్జెక్టులే. తాత నోటి నుంచి నేర్చుకున్న భాషకు డిగ్రీలో విలువ ఉంటదని తెలిసిన పిల్లకు కాలేజీ అంటే భయం సగం పోతది. మన గోర్‌బోలి, ఎరుకల భాష తెలిసిన పిల్లకు ఇక్కడ ఏ కాలేజీ గానీ ఆ తెలివికి ఒక్క క్రెడిట్ ఇస్తదా? ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అడగడానికి ఇప్పుడు మనకొక చిరునామా ఉంది.

ఇక ఇప్పటి సంగతి. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. డిగ్రీలో చదివిన ప్రతి సబ్జెక్టు క్రెడిట్ విద్యార్థి ఖాతాలో పడతది. కాలేజీ మారినా, నడుమ ఆగినా ఖాతాలో ఉంటది. 2023లో జాతీయ క్రెడిట్ విధానం తెచ్చిన్రు. ఇది కాలేజీకే ఆగలేదు, బడికి కూడా లెక్క కట్టింది. ఐదో తరగతి పాసయితే మొదటి స్థాయి, పది పాసయితే మూడో స్థాయి, పన్నెండు పాసయితే నాలుగో స్థాయి. ఏడాదికి 1,200 గంటల నేర్పు, దానికి 40 క్రెడిట్లు. అంటే 30 గంటలకు ఒక క్రెడిట్. క్లాసులో కూర్చున్నదే కాదు, చేతిపని, ఆటలు, పనిలో నేర్చుకున్నది కూడా పరీక్ష పెట్టి లెక్క కట్టొచ్చు అని అందులో రాసిన్రు.

కాగితం మీద చూస్తే ఇది మనం ఇంతసేపు చెప్పుకున్నదే. కానీ బడి ఖాతాలో పడిన క్రెడిట్‌ను డిగ్రీ కాలేజీ ఒప్పుకొని ఒక పేపరు తగ్గించినప్పుడే దానికి విలువ. మన జూనియర్ కాలేజీల్లో ఇంకా ఆ ఏర్పాటు లేదు. ఖాతా తెరిచినంత మాత్రాన డబ్బు పడదు కదా, ఇదీ అంతే. దగ్గరికి వచ్చిన ఒక దారి మాత్రం ఉంది. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టింది. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసిన పిల్లలు కూడా దానికి అప్లై చేసి, నాలుగు వారాల పాఠాలు విని, అర్హత పరీక్ష పాసయి సీటు ఖాయం చేసుకోవచ్చు. ఇంటర్ అయిపోయినంక చేరాలె. ఎస్టీ పిల్లలకు ఫీజు రాయితీ కూడా ఉంది. జేఈఈ కోచింగ్ లక్షలు పెట్టలేని ఇంటి పిల్లకు ఇది ఆలోచించదగ్గ దారి. ఇంగ్లిష్‌లో ఉంటది, లెక్కలు గట్టిగా ఉండాలె, నెట్ కావాలె. ఆ మూడూ లేకుండా దూకొద్దు.

ఇంత చరిత్ర చెప్పుకున్నంక మేము అడిగేది మూడు మాటలు.

మొదటిది, గురుకులాల్లో, జూనియర్ కాలేజీల్లో చదివే మన పిల్లలకు దగ్గరి డిగ్రీ కాలేజీ ఒకటి రెండు సబ్జెక్టులు చెప్పి, ఆ క్రెడిట్ ఖాతాలో వేయాలె. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ ఉంది. అదే ఊర్ల బడి, అదే ఊర్ల కాలేజీ, నడుమ ఒక గోడ. ఖర్చు మాత్రం సర్కారు పెట్టుకోవాలె, ఇంటి మీద వేయొద్దు.

రెండోది, డిప్లొమా నడుమ ఆగిన పిల్లకు, బీటెక్ నడుమ ఆగిన పిల్లకు అప్పటిదాకా చదివిన దానికి పనికొచ్చే కాగితం ఇవ్వాలె. వలస పోయిన ఏడాది చదువు ఆగొచ్చు, చదివింది పోకూడదు.

మూడోది మన గ్రూపు పని. ప్రతి తండాలో, ప్రతి పెంటలో పది రాసిన పిల్లల పేర్లు రాసుకుందాం. ఒక్కొక్కరికి ఈ మూడు దారులు విడమరిచి చెప్పుదాం: పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ, ఇంటర్. ఎక్కడ ఆగితే చేతిలో ఏముంటదో కూడా చెప్పుదాం. ఫెయిలయిన పిల్లకు ఓపెన్ స్కూల్ రెండు సబ్జెక్టుల నియమం చెప్పుదాం. పాలిసెట్ అప్లికేషన్ పది పరీక్షల రోజుల్లోనే నడుస్తది. రిజల్ట్ వచ్చినంక చూద్దాంలే అనుకుంటే తారీకు దాటిపోతది. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పుదాం.

గీత గీసినప్పుడు మనం గదిలో లేము. గీత ఇప్పుడు మళ్లీ జరుగుతున్నది. ఈసారి గదిలో ఉందాం. కింద కామెంట్లలో మీ మండలం, మీ ఊర్ల ఈ ఏడాది పది రాసిన పిల్లలు ఎంతమందో రాయండి. పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ చదివిన అన్నలు అక్కలు ఎవరైనా ఉంటే పిల్లలకు మాట్లాడడానికి ముందుకు రండి.

జోహార్. జై సేవాలాల్.